రోగి ఒంటరి కారాదు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. రోగిని పరామర్శించటం సాటి ముస్లిం పట్ల మన బాధ్యత అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. మహమ్మారి ఉన్న చోటికి పోరాదని, అక్కడివారు బయటికి రారాదని బోధించినదీ వారే. 2020లో ఈ రెండు బోధనలూ ఒకేసారి మన ముందు నిలిచాయి.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. జుమాకు బదులు జుహర్‌ను, రంజాన్‌లో తరావీహ్‌ను ఇళ్ళలోనే చేసుకున్నాము. మధుమేహ, రక్తపోటు రోగులు మందులు అయిపోతే ఎవరిని అడగాలో తెలియక తల్లడిల్లారు. ఆ రోజే కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. వైద్యుడు ఫోనులో నాడి చూడలేడు. కాని ‘నిద్ర పడుతున్నదా? భోజనం చేశారా? తోడెవరున్నారు?’ అని అడగగలడు. భయపడిన మనసుకు ఆ ప్రశ్నలూ ఔషధమే. మన ఎం.జి.ఎం. ఆసుపత్రి మొదలు హైదరాబాదు గాంధీ ఆసుపత్రి వరకు, కోవిడ్ వార్డులలో వైద్యులు, నర్సులు మనం చేయలేని ఇయాదత్‌ను మన తరఫున నెరవేర్చారు.

నాడు రోగాన్ని నిందగా చూసినవారున్నారు. నిందకు జడిసి రోగాన్ని దాచినవారూ ఉన్నారు. హజ్రత్ అబూ ఉబైదా (రజియల్లాహు అన్హు) హిజ్రీ 18లో అమ్వాస్ మహమ్మారిలోనే పరమపదించారు. కనుక రోగం పాపానికి గుర్తు కాదు, దిగులు ఈమాన్ లోపమూ కాదు.

నేటి అస్ర్ లోపు మన వీధిలోని ఒక ఒంటరి రోగిని పలకరిద్దాము. అవసరమైతే వైద్యుని వద్దకు తోడు వెళదాము. అల్లాహ్ రోగులకు స్వస్థతను, వైద్యులకు ఉత్తమ ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.