కవల సోదరుని మూత్రపిండము



ఒకరి యవయవమును వేఱొకరి దేహమున నాటి బ్రదికించుటను గూర్చి మీరు పత్రికలలో తఱచుగ చదువుచునే యున్నారు. ఈ ప్రయత్నము మొదట చక్కగ ఫలించిన చోటు అమెరికాలోని బోస్టన్ నగరమునందలి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రి. ఆ చోటు మనకు పూర్తిగ పరాయిది కాదు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరి, పైకము చాలక, ఆ యాసుపత్రిలోనే రాత్రివేళ రోగుల పాత్రలు శుభ్రపఱచు కొలువు చేసిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

ఈ ప్రస్తావము రాగానే, గణపతికి గజశిరస్సు నతికిన కథ మనకు లేదా యని కొందఱు మిత్రులు నన్నడుగుచుందురు. కథను కథగా పూజింతము. తెగిన ముక్కునకు చెక్కిలి చర్మము నతుకుమని సుశ్రుతుడు చెప్పినది మాత్రము శాస్త్రమే. ఐనను ఆ చెక్కిలి యా రోగిదే. పరుల చర్మము నతికినచో దేహ మంగీకరింపదు. కొలది దినములలోనో వారములలోనో అది చెడి యూడిపోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాలిన గాయములతో వచ్చిన సైనికులకు చికిత్స చేయుచు జోసెఫ్ మర్రే అను యువవైద్యుడు దీనిని కన్నులార చూచెను. ఒకే పిండము రెండై పుట్టిన కవలలయందు మాత్రము ఈ తిరస్కారము లేదు.

బ్రిగ్‌హామ్ వైద్యులు అంతకుముందే కొంత సాహసించిరి. 1947లో ఒక స్త్రీకి, ఆమె మూత్రపిండములు తేఱుకొనువఱకు, మృతదేహమునుండి తీసిన మూత్రపిండమును మోచేతి రక్తనాళములకు తగిల్చిరి. తరువాత డేవిడ్ హ్యూమ్ అను వైద్యుడు కొందఱు రోగులకు తొడలో నాటి చూచెను. వానిలో నొకటి కొన్ని మాసములు పనిచేసెను. అంతియే.

1954లో రిచర్డ్ హెరిక్ అను 23 ఏండ్ల యువకుడు మూత్రపిండములు రెండును చెడి, మరణమునకు సిద్ధమై యా యాసుపత్రికి వచ్చెను. అతనికి రొనాల్డ్ అను కవల సోదరుడు కలడు. ఇద్దఱును నిజముగ నొకే పిండమువారేనా యని తెలిసికొనుటకు ఒకరి చర్మమును వేఱొకరికి నతికిరి, అది నిలిచెను. వ్రేలిముద్రలు పోల్చుటకై పోలీసు ఠాణాకు పంపగా, సంగతి కాస్త పత్రికలకు పొక్కెను.

ఇక వచ్చినది ధర్మసందేహము. వైద్యుడు రోగి మేలుకొఱకు కత్తి పట్టవలెను. రొనాల్డ్ రోగి కాడు. ఆ కోతవలన అతని దేహమునకు లాభము లేదు, ఉన్నది నష్టమే. వైద్యులు వివిధమతముల గురువులను, న్యాయవాదులను సంప్రదించిరి. నాకీ చరిత్రలో శస్త్రనైపుణ్యముకంటె ఈ వెనుకాడుటయే గొప్పదిగ తోచును. నేడు మన యూళ్లలోను తల్లి బిడ్డకో, అక్క తమ్మునికో మూత్రపిండ మిచ్చునట్టి సమయములు వచ్చుచున్నవి. అప్పుడు పెద్దలని మిమ్ము పిలిచి యడుగుదురు. ఇచ్చువారు మనసార నిచ్చుచున్నారా, ఇంటివారి యొత్తిడికి లోబడి యిచ్చుచున్నారా యని వారిని వేఱుగ కూర్చుండబెట్టి విచారించుట మీ పని. అమ్మకమును మన దేశమున 1994 నాటి చట్టము నేరముగ నెంచినది.

రొనాల్డ్ కూడ గ్రుడ్డిగ నొప్పుకొనలేదు. తాను మూత్రపిండ మిచ్చినచో ఆసుపత్రి తన యారోగ్యమునకు జీవితాంతము పూచీ వహించునా యని యడిగెను. వహింపదని హారిసన్ వైద్యుడు నిర్మొగమాటముగ చెప్పెను. చెప్పి వెంటనే, నీకు కష్టము వచ్చినచో ఈ గదిలోనివారిలో నెవరైనను కాదందురని తలచుచున్నావా యని యెదురడిగెను. రొనాల్డ్ కొంతసేపు మౌనము వహించి, గ్రహించెను. పత్రము లేదు, సాక్షులు లేరు, మాటయే పూచీ.

శస్త్రమునకు ముందునాటి రాత్రి, ఇంటికి పొమ్మని రిచర్డ్ తన సోదరునికి చీటి పంపెను. తాను వచ్చినవాడను, ఇచటనే యుందునని రొనాల్డ్ బదులు వ్రాసెను.

1954 డిసెంబరు 23వ తేదీన హారిసన్ రొనాల్డ్ మూత్రపిండమును తీసెను. మర్రే దానిని రిచర్డ్ దేహమున నాటెను. అది 82 నిమిషములు రక్తప్రసారము లేక యుండెను. పట్టుకారులు సడలించగనే యెఱ్ఱబడి, మూత్రము ధారగ స్రవించెను. నేల తుడువవలసి వచ్చెనట. రిచర్డ్ తనకు పరిచర్య చేసిన నర్సునే వివాహమాడి, ఇద్దఱు కుమార్తెలను కని, 1963లో మరణించెను. పాతవ్యాధియే క్రొత్త మూత్రపిండమును కూడ పట్టినది.

కవలలు ఎందఱికుందురు? దేహముయొక్క తిరస్కారము నణచు మందు కావలసి వచ్చెను. హిచింగ్స్, ఎలియన్ అనువారి ప్రయోగశాలనుండి వచ్చిన అజాథియోప్రిన్ అను మందుతో 1962లో, మరణించిన పరాయివాని మూత్రపిండము సయితము బ్రిగ్‌హామ్‌లో ఒక రోగికి ఏడాదికి పైగా పనిచేసెను. కణముల పెంపును ఆహారపదార్థమువంటి రూపున మోసగించి యడ్డుటయే ఆ మందు గుణము. 1948లో గతించిన మన సుబ్బారావుగారి బృందము సిద్ధపఱచిన అమినోప్టెరిన్ ఆ జాతి మందులలోనిదే. మర్రేకు 1990లో నోబెల్ బహుమానము వచ్చెను.

రొనాల్డ్ సంగతి చెప్పి సెలవు తీసికొందును. ఆయన సేద్యము చేసెను. పాఠశాలలో గణితము బోధించెను. నా వృత్తివాడే! సోదరుని కిచ్చిన పిమ్మట 56 ఏండ్లు జీవించి, 2010 డిసెంబరులో, 79వ యేట కాలధర్మము నొందెను.