గుండెపోటులో తరతమాలు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ వైద్యుడు నాడి చూడక ముందే ఏ ఊరు, ఏం పని, ఇక్కడికి ఎలా వచ్చావు అని అడిగేవారు. గుండె జబ్బులో ఆ ప్రశ్నలు ఈసీజీకి ఏమాత్రం తీసిపోవని నా నమ్మకం.

1999లో అమెరికాలో కెవిన్ షుల్మన్ బృందం ఒక ప్రయోగ ఫలితాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించింది. ఎనిమిది మంది నటీనటులు: నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు. అందరికీ ఒకే ఆసుపత్రి గౌను, ఒకే మాటలు. ఛాతీ నొప్పి గురించి వాళ్ళు చెబుతుంటే వీడియో తీసి 720 మంది వైద్యులకు చూపించారు. యాంజియోగ్రాం చేయించాలా అని అడిగితే, తెల్ల పురుషుల విషయంలో 90.6 శాతం మంది చేయించాలన్నారు. నల్ల పురుషులకూ, తెల్ల స్త్రీలకూ అంతే. నల్లజాతి స్త్రీల దగ్గరికి వచ్చేసరికి అది 78.8 శాతానికి పడిపోయింది. పత్రికలు దీన్ని నలభై శాతం తేడాగా అచ్చువేశాయి. అది లెక్కను తప్పుగా చదవడమేనని అదే జర్నల్ ఆ ఏడాదే తేల్చింది. ఆ తప్పు దిద్దాక కూడా నల్లజాతి స్త్రీకి జరిగిన కోత కోతగానే మిగిలింది. ఆ వైద్యుల్లో ఎవరూ తాము వివక్ష చూపుతున్నామని అనుకుని ఉండరు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

మరి తేడా రక్తంలోనే ఉందన్న వాదన సంగతేమిటి? జపాన్‌లో ఉన్న జపనీయుల్ని, హవాయికీ కాలిఫోర్నియాకూ వలసపోయిన జపనీయుల్ని పోల్చి చూశారు. అమెరికా వైపు వెళ్ళేకొద్దీ గుండె జబ్బు పెరిగింది. వంశం మారలేదు, బతుకు మారింది. దక్షిణాసియా వాళ్ళకు గుండెపోటు ముందుగా వస్తుందన్నదీ నిజమే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మనవాళ్ళ తొలి గుండెపోటు వయసు 53 దగ్గర తేలింది, మిగతావాళ్ళది దాదాపు 59. కారణాలు మాత్రం అందరికీ ఉన్నవే: పొగ, షుగరు, బీపీ, చెడ్డ కొవ్వు, పొట్ట. అవి మన దగ్గర చిన్న వయసులోనే దాపురిస్తున్నాయి.

లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. అక్కడ అందరికీ జీతాలున్నాయి, ఉచిత వైద్యముంది. అయినా పై అధికారులతో పోలిస్తే బంట్రోతుల స్థాయి ఉద్యోగులు గుండె జబ్బుతో మూడు రెట్లకు పైగా చనిపోయారు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా తీరలేదు.

ఇక మన దేశం. బెంగుళూరుకు చెందిన డెనిస్ జేవియర్, సహ పరిశోధకులు 89 ఆసుపత్రుల నుంచి ఇరవై వేలకు పైగా రోగుల వివరాలు సేకరించి 2008లో లాన్సెట్‌లో ప్రచురించారు. ముప్పై రోజుల్లో చనిపోయినవాళ్ళు ధనికుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. బ్లాకు తెరిచే యాంజియోప్లాస్టీ ధనికుల్లో 15.3 శాతం మందికి అందితే పేదల్లో 2 శాతం మందికే అందింది. కొవ్వు తగ్గించే మాత్రల్లోనూ అంతే: 61 శాతం, 36 శాతం. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. అందిన చికిత్సను లెక్కలోకి తీసుకుని చూస్తే చావుల్లో తేడా మాయమైంది. వయసునూ, అలవాట్లనూ లెక్కలోకి తీసుకున్నప్పుడు అలా మాయం కాలేదు. అంటే అక్కడ పేదవాడి ప్రాణం తీసింది అందని వైద్యం.

అదే అధ్యయనంలో, నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆ ఆరు గంటలు ఎలా గడుస్తాయో పల్లెటూళ్ళో పనిచేసిన ఎవరికైనా తెలుసు. చేలో ఉండగా గుండెల్లో మంట, గ్యాస్ అనుకుని ఒక సోడా, ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్. కాసేపు తగ్గినట్టుంటుంది. చీకటి పడ్డాక చెమటలు పట్టి ఆటో ఎక్కిస్తారు. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే భార్య మెడలో గొలుసు తాకట్టుకు వెళుతుంది. రక్తపు గడ్డ కరిగించే మందు మొదటి గంటల్లో పనిచేసినట్టు తర్వాత పనిచేయదు. చచ్చిన గుండె కండరం మళ్ళీ బతకదు.

ఈ లెక్కలు సేకరించింది ఆరోగ్యశ్రీకి ముందు. 2007లో మన రాష్ట్రంలో ఆ ఉచిత చికిత్స పథకం వచ్చాక పేదలకూ గుండె ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. అది చిన్న విషయం కాదు. కానీ ఆపరేషన్ ఒకరోజు పని, మాత్రలు జీవితాంతం. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2011లో చెప్పినదాని ప్రకారం, పేద దేశాల్లో గుండె జబ్బో పక్షవాతమో వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో 80 శాతం మంది వేసుకోవలసిన మందుల్లో ఒక్కటీ వేసుకోవడం లేదు. కొవ్వు తగ్గించే స్టాటిన్ వేసుకునేవాళ్ళు 3.3 శాతమే. ఆస్పిరిన్, స్టాటిన్ ఖరీదైన మందులేమీ కావు.

సభలో ప్రభుత్వ వైద్యాధికారులు ఉంటే వారిని అడుగుతున్నాను. బీపీ మాత్రలతో పాటు ఆస్పిరిన్, స్టాటిన్‌లనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఆగకుండా ఇప్పించండి. స్టెంటు వేయించుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి మందుల కోసం రావడం మానేస్తే, ఎందుకు మానేశాడో ఆశా కార్యకర్తను పంపి కనుక్కోండి.