రాష్ట్రపతి సంతకం, మన పొలం

(మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎక్కడ సభ పెట్టుకున్నా చివర్లో ఒక తీర్మానం చేస్తాం. కలెక్టరుకు ఒక ప్రతి, ముఖ్యమంత్రికి ఒక ప్రతి, రాష్ట్రపతికి ఒక ప్రతి పంపుతాం. పోస్టులో వేశాక ఆ చివరి ప్రతి సంగతి ఎవరం పట్టించుకోం. అది చేరినచోట ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

రాజ్యాంగం 53వ అధికరణం చూస్తే కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే. 74వ అధికరణం చూస్తే ఆ అధికారాన్ని మంత్రివర్గం సలహా ప్రకారమే వాడాలి. అంటే పట్టా ఒకరి పేరున, సాగు ఇంకొకరిది. 1976లో 42వ సవరణ ఈ కట్టును ఇంకా బిగించింది. 1978లో 44వ సవరణ కొంచెం సందు ఇచ్చింది. సలహాను ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనవచ్చు. మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాల్సిందే. పార్లమెంటు పంపే మామూలు బిల్లుకు కూడా 111వ అధికరణం కింద దాదాపు ఇదే పద్ధతి.

ఇంతోటి దానికి ఆ పదవెందుకు, రబ్బరు స్టాంపే కదా అంటారు కొందరు. మనం అంత తేలిగ్గా తీసిపారేయలేం. 1986లో పోస్టాఫీసు బిల్లు జైల్ సింగ్ దగ్గరికి వెళ్లింది. జనం ఉత్తరాలు సర్కారు విప్పి చూసే అధికారం అందులో ఉంది. ఆయన సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు, అలాగే అట్టిపెట్టారు. ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు రాజ్యాంగంలో రాసి లేదు. ఆ బిల్లు చట్టం కాలేదు.

మన అనంతపురం జిల్లా ఇల్లూరు నుంచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి గారి కాలంలో ఇంకో ముచ్చట. 1979లో రైతు నాయకుడు చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. లోక్‌సభలో బలం చూపకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చి, సభను రద్దు చేయమన్నారు. జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇమ్మన్నారు. సంజీవరెడ్డి ఆయన్ని పిలవలేదు, 22న సభను రద్దు చేశారు. అది తప్పా ఒప్పా అన్న వాదన చాలాకాలం నడిచింది. మనం గమనించాల్సింది ఒకటే: ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేనప్పుడు ఆ కుర్చీ బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. మెజారిటీ గట్టిగా ఉన్నప్పుడు తరుగుతుంది.

తరిగినప్పుడు ఏమవుతుందో మనకు అనుభవమే. 2020 జూన్ 5న, కరోనా రోజుల్లో, పార్లమెంటు నడవనప్పుడు మూడు సాగు ఆర్డినెన్సులు వచ్చాయి. 123వ అధికరణం కింద వాటిపై సంతకం రామ్‌నాథ్ కోవింద్ గారిది. సెప్టెంబరు 20న రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టకుండా మూజువాణి ఓటుతో రెండు బిల్లులు దాటించారు. సంతకం పెట్టవద్దని ప్రతిపక్షాలు రాష్ట్రపతిని వేడుకున్నాయి. ఒక్కసారి వెనక్కి పంపే హక్కు ఆయనకుంది. పంపలేదు. 27కల్లా సంతకమైంది. ఆ తర్వాత ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు రైతులు చలికీ ఎండకీ కూర్చున్నారు. 2021 నవంబరు 29న పార్లమెంటు రద్దు బిల్లు ఆమోదించింది, మర్నాడే దానిపైనా అదే చేతి సంతకం పడింది. చట్టాలు తెచ్చిందీ తీసేసిందీ ఆ సంతకమే అని కాగితం చెబుతుంది. నిజానికి తీయించింది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

భూమి సంగతి ఇంకా దగ్గరిది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం తీసుకోవాలంటే 80 శాతం మంది, ప్రభుత్వ-ప్రైవేటు ప్రాజెక్టయితే 70 శాతం మంది ఒప్పుకోవాలి. సామాజిక ప్రభావ అంచనా జరగాలి. 2014 డిసెంబరు 31న ఒక ఆర్డినెన్సుతో అయిదు రకాల ప్రాజెక్టులకు ఈ రెండూ అక్కర్లేకుండా చేశారు. ఆర్డినెన్సు ఆయుష్షు పార్లమెంటు మళ్లీ కూర్చున్నాక ఆరు వారాలే. అందుకని 2015 ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర్లో ఒకసారి మళ్లీ జారీ చేశారు. మూడింటి మీదా ప్రణబ్ ముఖర్జీ గారే సంతకం పెట్టారు. రాజ్యసభలో బలం లేక, బయట రైతుల ఒత్తిడి తట్టుకోలేక ఆగస్టు ఆఖరుకు వదిలేశారు.

గెలిచాం అనుకున్నాం. కానీ ముందు వాకిలి మూస్తే పెరటి తలుపు తీశారు. భూసేకరణ ఉమ్మడి జాబితాలో ఉంది. రాష్ట్ర శాసనసభ కేంద్ర చట్టానికి భిన్నంగా బిల్లు చేసినా, 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదిస్తే ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో ఇలాగే సవరణలు తెచ్చుకున్నాయి. రెండింటికీ ఆమోదం వచ్చింది. కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా తప్పించే వీలు వచ్చింది. పార్లమెంటులో మనం ఆపించింది ఇక్కడ పెద్ద చప్పుడు లేకుండా అయిపోయింది.

ఇక్కడే మన వినతిపత్రం పనికొచ్చేది. రాష్ట్ర బిల్లు విషయంలో రాష్ట్రపతి చేతిలో చోటు ఎక్కువ. 201వ అధికరణం కింద తిప్పి పంపిన బిల్లును శాసనసభ మళ్లీ ఆమోదించినా సంతకం పెట్టి తీరాలన్న కట్టు లేదు. అయితే అప్పుడూ నడిచేది కేంద్ర మంత్రివర్గం సలహానే. ఫైలు కదిలేది హోం శాఖలో. కాబట్టి సంతకం పడ్డాక పంపే కాగితం కంటే, శాసనసభలో బిల్లు పెట్టిన రోజు పంపే కాగితం విలువైనది.

ఇంకో మాట. రాష్ట్రపతిని ఎన్నుకునేది మన ఎంపీలు, ఎమ్మెల్యేలే. 2022లో ఆంధ్ర ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. ఆ విలువ కట్టేది జనాభాను బట్టి, అంటే మనల్ని బట్టే. భూమి చట్టం మీద నువ్వు బలపరిచే అభ్యర్థి ఏమనుకుంటున్నాడయ్యా అని మనలో ఎవరూ ఏ ఎమ్మెల్యేనీ అడిగిన పాపాన పోలేదు.

ఈసారి శాసనసభ సమావేశాల్లో భూమి, మార్కెట్ యార్డు, నీళ్లు, ఈ మూడింటిలో దేని మీద బిల్లు వచ్చినా దాని ప్రతి తెప్పించి గ్రామ కమిటీలకు అందించే పని జిల్లా కమిటీ తీసుకుంటుంది. చదివి, ఏ సెక్షను మన భూమికి దెబ్బో గుర్తుపెట్టి వారంలోగా రాసి పంపండి. గవర్నరుకు, హోం శాఖకు, రాష్ట్రపతికి మూడు ప్రతులూ ఒకే రోజు స్పీడ్ పోస్టులో వేద్దాం. రసీదులు మాత్రం పారేయకండి.