ఎవరు గొప్ప? బేస్‌బాల్ లెక్కలు, మన బోర్డు

(గత సంక్రాంతి సెలవుల్లో మన స్కూలు ఆవరణలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు. అమెరికా నుంచి వచ్చావు కదా, అక్కడి సంగతి ఏదైనా చెప్పమన్నారు. బేస్‌బాల్ గురించి చెబుతాను. ఇదేం గొడవ అనుకోకండి. నేను చెప్పబోయేది హెడ్మాస్టరు గది బయట వేలాడుతున్న బోర్డు గురించి కూడా.

ఆ బోర్డు మీద ఏటా పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చినవాళ్ళ పేర్లు, మార్కులు ఉన్నాయి. 1979 ఎదురుగా నా పేరుంది. ఆరువందలకు 487. నిన్న సాయంత్రం టీ దగ్గర ఒక తమ్ముడు, "అన్నా, ఈ మార్కులకు మా బ్యాచ్‌లో ఇరవయ్యో ర్యాంకు కూడా రాదు" అన్నాడు. పక్కనే ఉన్న పెద్దాయన ఊరుకుంటారా! "మా రోజుల్లో ఫస్టుక్లాసు వస్తే ఊరంతా చూడ్డానికి వచ్చేది" అన్నారు. గోల్డెన్ జూబ్లీ కాబట్టి 50 ఏళ్ళలో అందరికన్నా గొప్ప విద్యార్థి ఎవరో తేల్చి షీల్డు ఇద్దామని కమిటీ ఆలోచన. బీమా కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగం కదా, నువ్వే తేల్చు అని నా మీద పెట్టారు.

నేను ఉండేది పిట్స్‌బర్గ్‌లో. పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరంటే మీలో చాలామందికి తెలుస్తుంది. మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే తగాదా, మనుషులే వేరు. బేబ్ రూత్ గొప్పా, హ్యాంక్ ఆరన్ గొప్పా అని. అక్కడ నూరేళ్ళ నాటి ఆట కూడా బంతి బంతికీ కాదు గానీ మనిషి మనిషికీ లెక్క రాసి ఉంటుంది. అందుకని తగాదా ఎప్పటికీ తెగదు.

ముందు ఒక్క లెక్క అర్థం చేసుకోండి. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే మన క్రికెట్ సగటు లాంటిది కాదు. వెయ్యిసార్లు బ్యాటింగ్‌కు దిగితే ఎన్నిసార్లు దెబ్బ కొట్టి బేస్ చేరాడన్నది. వెయ్యికి 300 అంటే మంచి ఆటగాడు. అంటే పదిసార్లలో ఏడుసార్లు తప్పినా ఫరవాలేదు. మా మాస్టారు మాత్రం ఒప్పుకోరు!

1930లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు బిల్ టెరీ సగటు 401. నేషనల్ లీగ్‌లో ఆ మైలురాయి దాటిన చివరి మనిషి ఇప్పటికీ ఆయనే. 1968లో అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానం కార్ల్ యాస్ట్రెమ్‌స్కీది, సగటు 301. బోర్డు మీద ఈ రెండూ పక్కపక్కన రాస్తే రెండో ఆయన్ని చూసి నవ్వుతాం. కానీ 1930లో ఆ లీగ్ మొత్తం సగటే 303. అంటే పేపరు సులువుగా వచ్చిన ఏడు. 1968లో లీగ్ సగటు 230. బౌలర్లలాంటి పిచర్లది ఆ ఏడు ఎంత పైచేయి అయిందంటే, మరుసటి ఏడు వాళ్ళు నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఇప్పుడు భాగించి చూడండి. టెరీ తన కాలపు సగటు కన్నా 32 శాతం పైన ఉన్నాడు, యాస్ట్రెమ్‌స్కీ 31 శాతం పైన. నూరు తేడా కనబడ్డచోట దాదాపు ఏమీ లేదు.

అదే లెక్క 1941కి వేస్తే టెడ్ విలియమ్స్ వేరే మెట్టు మీద కనిపిస్తాడు. ఆయన సగటు 406, లీగ్‌ది 266. సగటు కన్నా 50 శాతం పైమాటే. సీజన్ చివరి రోజు పొద్దున ఆయన సగటు 399.55. సవరిస్తే 400 అవుతుంది. కావాలంటే కూర్చో, రికార్డు నిలబడుతుంది అని మేనేజరు అన్నాడు. ఆయన కూర్చోలేదు. ఆ రోజు రెండు ఆటలూ ఆడి ఎనిమిదిసార్లకు ఆరుసార్లు కొట్టాడు. తరవాత రెండు యుద్ధాల్లో విమానాలు నడపడానికి వెళ్ళి, మంచి వయసులో దాదాపు అయిదు సీజన్లు పోగొట్టుకున్నాడు. ఆ అయిదేళ్ళు ఏ పట్టికలోనూ లేవు.

ఆయన తరవాత అమెరికన్, నేషనల్ లీగ్‌లలో 400 ఎవరూ దాటలేదు. ఆటగాళ్ళు పాడైపోయారని పెద్దవాళ్ళ బాధ. హార్వర్డ్‌లో జీవపరిణామం చెప్పే స్టీఫెన్ జే గూల్డ్ అనే ఆయన దీన్ని తిరగేసి చెప్పారు. అందరూ బాగుపడటం వల్లే 400 మాయమైందట. ఊళ్ళో ఒక్కడే ట్యూషన్‌కు వెళ్ళినప్పుడు వాడికీ మిగతావాళ్ళకీ మధ్య ఏరంత ఎడం. అందరూ వెళ్ళడం మొదలుపెట్టాక ఫస్టుకీ పదో ర్యాంకుకీ నాలుగు మార్కులే తేడా. అలా తరగతి సగటుతో పోల్చే నా పద్ధతి కూడా పాతవాళ్ళకు కాస్త మొగ్గు చూపిస్తుంది. తమ్ముడూ, ఈ పాయింటు నీ ఖాతాలో వేసుకో.

ఇక రూత్, ఆరన్. రూత్ హోమ్‌రన్‌లు 714, ఆరన్‌వి 755. రూత్ సుమారు 12 బంతుల... కాదు, క్రికెట్ అలవాటు పోలేదు, 12 అవకాశాలకు ఒకటి కొట్టాడు, ఆరన్ 16కి ఒకటి. 1927లో రూత్ ఒక్కడే 60 కొట్టాడు. ఆ లీగ్‌లో మిగతా ఏడు జట్లలో ఏ జట్టూ మొత్తం కలిపి అన్ని కొట్టలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అని నేను ఒకరోజు భోజనాల దగ్గర గట్టిగా వాదించాను. (762 కొట్టిన బ్యారీ బాండ్స్ మాటొస్తే అక్కడ అందరూ మందుల గొడవ ఎత్తుతారు, దాన్ని వదిలేద్దాం.)

మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడిన నల్లజాతి పెద్దాయన ఒకరు ఉండేవారు. అంతా విని, "రూత్ ఎవరి బంతులు కొట్టాడు?" అని అడిగారు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా అరవై ఏళ్ళు ఆ లీగ్‌లలో నల్లవాళ్ళకు చోటు లేదు. రూత్ లీగ్ ఆటలన్నీ ఆ గోడ లోపలివే. ఆరన్ గోడ కూలాక అందరితో ఆడాడు. 1974లో రూత్ రికార్డు దాటేముందు చంపుతామని ఉత్తరాలు వస్తుంటే ఆడాడు.

తరవాత ఆయన జాష్ గిబ్సన్ పేరు చెప్పారు. ఆఫీసుకు నది అవతల ఉన్న హోమ్‌స్టెడ్ పేరు పెట్టుకున్న జట్టులో, నల్లవాళ్ళ లీగ్‌లలో ఆడినవాడు. ఆయన నాన్నగారు కళ్ళారా చూశారట. నేను బీమా లెక్కలవాణ్ణి కదా, "ఆ లీగ్‌లలో సీజన్‌కు అరవై డెబ్బై ఆటలే రికార్డయ్యాయి, శాంపిల్ చాలదు" అన్నాను. "రికార్డు చాలదంటావు. రాయకుండా వదిలేసిందెవరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2020 చివర్లో ఆ లీగ్‌లకు మేజర్ లీగ్ హోదా ఇచ్చారు. 2024 మే నెలలో పాత పత్రికల్లోంచి వెతికి తీసిన లెక్కల్ని అధికార పట్టికలో కలిపారు. జీవితకాలపు సగటులో దాదాపు వందేళ్ళుగా మొదట ఉన్న టై కాబ్ 367తో రెండోవాడయ్యాడు. మొదటి పేరు గిబ్సన్, 372. శాంపిల్ సంగతి ఇప్పటికీ నిజమే, కాబ్‌కు వచ్చిన అవకాశాల్లో అయిదో వంతు మించవు. కానీ గిబ్సన్ ఆ గోడ కూలడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ళకే పోయాడు. ఇంకెక్కడ ఆడతాడు? మన తెలుగువాడు సి.కె. నాయుడు గారిని చూడండి. టెస్టుల్లో 350 పరుగులు, సగటు 25. పట్టిక చూసి పెదవి విరుస్తాం. మన దేశానికి మొదటి టెస్టు దొరికేనాటికి ఆయనకు 36 ఏళ్ళు. దొరికినవి మొత్తం ఏడు.

కాబట్టి కమిటీవారికి నా నివేదిక. షీల్డు వద్దు. బోర్డు మీద ప్రతి మార్కు పక్కన ఆ ఏటి తరగతి సగటు రాయిద్దాం. రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయని గుమాస్తాగారు చెప్పారు.

ఇంకో సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆరు నుంచి ఎనిమిది దాకా మా సెక్షన్‌లో లెక్కల్లో ఫస్టు నేను కాదు. మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి. ఎనిమిదో తరగతి అయ్యాక వేసవిలో పెళ్ళి చేశారు. జూన్‌లో హాజరు పిలిచేటప్పుడు మాస్టారు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్క పేరుకు వెళ్ళారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. నా పేరు ఆ బోర్డు మీద ఉండటానికి ఒక కారణం ఆమె తొమ్మిదికి రాకపోవడం. ఆమె ఒక్కతే కాదు, ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. పెళ్ళికి మానినవాళ్ళు, ఫీజు కట్టలేక మానినవాళ్ళు, పత్తి చేలకు వెళ్ళినవాళ్ళు. మార్కుల రిజిస్టర్లలో వాళ్ళ క్వార్టర్లీలు, హాఫ్ ఇయర్లీలు ఉంటాయి.

ఫిబ్రవరి పది దాకా ఊళ్ళోనే ఉంటాను. ఆ బీరువా తాళం నాకిప్పిస్తే చెదలు తినగా మిగిలినవి చూస్తాను. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు తోడు వస్తే పని తెములుతుంది. తమ్ముడూ, ముందు నువ్వు రావాలి.