క్లబ్ ఎవరిది? జర్మనీ 2023–24 సీజన్, మన హైదరాబాద్ ఎఫ్‌సీ, మధ్యలో మా దేవరగట్టు మామ

ఈ ఎపిసోడ్ చేయమని చాలామంది అడిగినారు. నేనే వాయిదా వేస్తూ వచ్చినా. ఎందుకంటే ఇందులో ఫుట్‌బాల్‌తో పాటు మా మామ తలకు పడిన కుట్లు కూడా ఉన్నాయి. ఆయన ఒప్పుకోకుండా చెప్పలేను కదా. మొన్న సరే అన్నాడు. "నా పేరు చెప్పొద్దు, ఊరి పేరు అసలే చెప్పొద్దు" అన్నాడు. ఊరు చెప్తే మేం ఏ పక్షమో తెలిసిపోతాది. అందుకే ఆదోని పక్కన ఒక పల్లె అనుకోండి, చాలు.

ఎప్పటి మాట అంటే, 2023 దసరా. మీకు తెలుసు, హొళగుంద మండలంలో దేవరగట్టు కొండమీద మాళ మల్లేశ్వర స్వామి. దసరా రాత్రి స్వామి కల్యాణం అయినాక ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒక పక్క. మిగతా ఊర్ల వాళ్ళు ఇంకో పక్క. చేతిలో కర్రలు, దివిటీలు. టీవీలో దీన్ని కర్రల సమరం అంటారు. మా ఊర్లో ఆ మాట అంటే కొట్టినంత పని చేస్తారు. మాకది బన్ని ఉత్సవం. కానీ నిజం కూడా చెప్పుకోవాల. ప్రతి ఏడాది తలలు పగులుతాయి, డజన్ల మంది ఆస్పత్రికి పోతారు, కొన్ని ఏండ్లలో ప్రాణాలు కూడా పోయినాయి. ఆ ఏడాది మా మామ తలకు తగిలింది. కుట్లు పడినాయి. పది రోజులు ఇంట్లోంచి కదలొద్దు అన్నారు.

ఆ పది రోజులూ నేనే తోడు. రాత్రి మా మామ మంచం మీద, నేను కింద చాప మీద, మధ్యలో నా ఫోన్. ఫోన్లో బుండెస్‌లిగా. నిద్రపట్టక ఆయనా చూసేవాడు. రెండో రోజు అడిగినాడు.

"ఏంరా అల్లుడూ, ఈ ఎర్ర జట్టు ఓనర్ ఎవరు?"

చూడండి, మనకు మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఐపీఎల్ అలవాటు. జట్టు అంటే ఓనర్ ఉండాల. ఆ ప్రశ్నకు జవాబే ఈ ఎపిసోడ్.

ఆ ఎర్ర జట్టు బాయర్ లెవర్కూసెన్. దీన్ని జర్మనీలో ఎగతాళిగా "నెవర్‌కూసెన్" అనేవాళ్ళు. ఎప్పటికీ గెలవని ఊరు అని. 2002లో వాళ్ళు లీగ్‌లో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్‌లో ఓటమి, చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఓటమి. మూడు కప్పులూ చేతిదాకా వచ్చి జారిపోయినాయి. 2022 అక్టోబర్‌లో జాబీ అలోన్సో కోచ్‌గా వచ్చేటప్పటికి 18 జట్లలో 17వ స్థానంలో ఉన్నారు. అంటే కింద నుంచి రెండు. పెద్ద జట్టుకు అంతకుముందు కోచ్‌గా పని చేసిన అనుభవం కూడా ఆయనకు లేదు.

ఆ జట్టు 2023–24లో ఏం చేసిందో తెలుసా? లీగ్‌లో 34 మ్యాచ్‌లు. 28 గెలుపు, 6 డ్రా, ఓటమి సున్నా. 90 పాయింట్లు. బుండెస్‌లిగా చరిత్రలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టిన మొదటి జట్టు. బాయర్న్ మ్యూనిక్ వరసగా 11 ఏండ్లు తీసుకుపోయిన పళ్ళెం అది. అదే ఏడాది బాయర్న్ వాళ్ళు హారీ కేన్‌ని ఇంగ్లాండ్ నుంచి కొనుక్కొచ్చినారు. ఆయన లీగ్‌లో 36 గోల్స్ కొట్టినాడు. అయినా బాయర్న్ మూడో స్థానం, ఒక్క కప్పు కూడా లేదు. రెండో స్థానం స్టుట్‌గార్ట్‌ది.

లెవర్కూసెన్ ప్రత్యేకత ఏంటంటే చివరి నిమిషాలు. మార్చిలో యూరోపా లీగ్‌లో కరబాగ్ మీద 90 నిమిషాలు దాటేటప్పటికి ఒక గోల్ వెనక. పాట్రిక్ షిక్ 93వ నిమిషంలో ఒకటి, 97లో ఇంకొకటి. 3–2. మేలో రోమా మీద సొంత మైదానంలో 0–2 వెనకబడి, 97వ నిమిషంలో స్టానిసిచ్ గోల్‌తో 2–2. మా మామ దీన్ని చూసి "వీళ్ళు వక్కపొడి నమిలినట్టు నింపాదిగా ఆడతారు గదరా" అన్నాడు. నిజమే. ఎంత ఆలస్యమైనా ఆ జట్టు బంతిని గాల్లోకి ఊరికే తన్నలేదు. చిన్న చిన్న పాస్‌లే, చివరి నిమిషంలో కూడా అదే.

2024 ఏప్రిల్ 14, ఆదివారం. మన దగ్గర అంబేడ్కర్ జయంతి. పైగా ఎన్నికల కాలం, ఊరంతా మైకులు. రాత్రి తొమ్మిదికి వెర్డర్ బ్రెమెన్‌తో మ్యాచ్. 5–0. ఫ్లోరియన్ వర్ట్జ్ హ్యాట్రిక్. 20 ఏండ్ల పిల్లోడు. జనం మైదానంలోకి దూకేసినారు. మా అన్న బెంగళూరులో కట్టడం పనిలో ఉండె. మా వైపు సగం ఊర్లు అంతే, వానలు లేకపోతే గుంటూరు మిరపకాయల కోతకో, బెంగళూరు సిమెంటు పనికో. షెడ్డులోంచి వీడియో కాల్ చేసినాడు. "మన జట్టు గెలిచిందిరా" అన్నాడు. మన జట్టు! జర్మనీ ఎక్కడ, షెడ్డు ఎక్కడ. కానీ ఆ మాట నాకు తప్పు అనిపించలేదు.

తర్వాత డబ్లిన్‌లో మే 22న యూరోపా లీగ్ ఫైనల్. అటలాంటా చేతిలో 0–3. లుక్మన్ మూడు గోల్స్. 51 మ్యాచ్‌ల అజేయ పరుగు అక్కడ ఆగింది. మూడు రోజుల తర్వాత బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్, కైజర్‌స్లాటర్న్ మీద జాకా గోల్‌తో 1–0. ఒక ఆటగాడికి రెడ్ కార్డ్ పడినా పదిమందితో నిలబడినారు. మొత్తం సీజన్‌లో 53 మ్యాచ్‌లు, ఒక్కటే ఓటమి.

సరే, మామ ప్రశ్నకు వద్దాం. ఓనర్ ఎవరు?

జర్మనీలో "50 ప్లస్ 1" అని ఒక రూల్ ఉంది. క్లబ్‌లో ఓటింగ్ హక్కుల్లో సగం కంటే ఎక్కువ, అంటే 50 శాతం ఇంకో ఓటు, సభ్యుల చేతిలోనే ఉండాల. సభ్యుడంటే ఎవరు? ఏడాదికి చందా కట్టిన మామూలు అభిమాని. డబ్బున్నోడు వచ్చి పెట్టుబడి పెట్టొచ్చు, కానీ క్లబ్‌ని జేబులో వేసుకుని పోలేడు. అందుకే అక్కడ నిలబడి చూసే స్టాండ్లు ఇంకా ఉన్నాయి, టికెట్ ధర ఇంగ్లాండ్ అంత మండదు. డోర్ట్‌ముండ్‌లో ఒక్క పసుపు గోడ స్టాండ్‌లోనే దాదాపు 25 వేలమంది నిలబడతారు.

ఇక్కడ నేను నిజాయితీగా ఒకటి చెప్పాల. ఆ ఏడాది గెలిచిన లెవర్కూసెన్‌కి ఈ రూల్ వర్తించదు. అది బాయర్ మందుల కంపెనీ క్లబ్. 1904లో కంపెనీ కార్మికుల కోసం పుట్టింది. కంపెనీ చాలా ఏండ్లుగా నడుపుతుంది కాబట్టి మినహాయింపు. వుల్ఫ్స్‌బర్గ్‌కీ అంతే, అది ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళది. అంటే సభ్యుల చేతిలో ఉంటేనే గెలుస్తారు అని నేను చెప్పట్లేదు. నేను చెప్పేది గెలుపు గురించి కాదు, నిలబడడం గురించి.

2023 డిసెంబర్‌లో ఏమైందంటే, జర్మన్ లీగ్ నడిపే సంస్థ డీఎఫ్‌ఎల్, టీవీ ఆదాయంలో 8 శాతం వాటాని 20 ఏండ్లకు ఒక పెట్టుబడి సంస్థకి అమ్మాలని ఓటింగ్ పెట్టింది. వందకోట్ల యూరోల దాకా వస్తాయని అంచనా. 36 క్లబ్‌లు, రహస్య ఓటింగ్. కావాల్సింది మూడింట రెండొంతులు, అంటే 24. సరిగ్గా 24 పడినాయి.

అభిమానులు ఏం చేసినారు? కర్రలు పట్టుకున్నారా? లేదు. టెన్నిస్ బంతులు తెచ్చినారు. మ్యాచ్ మధ్యలో వందల బంతులు మైదానంలోకి. ఆటగాళ్ళు నిలబడి ఏరుకోవాల్సిందే. ఇంకోచోట బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు. ఒకచోట రిమోట్ బొమ్మ కార్లు వదిలినారు, సెక్యూరిటీ వాళ్ళు వాటి వెంట పరుగెత్తడం. ఒక మ్యాచ్ అయితే అరగంట దాకా ఆగిపోయింది. రెండు నెలలు వారం వారం అదే. 2024 ఫిబ్రవరి 21న డీఎఫ్‌ఎల్ చేతులెత్తేసింది. ఒప్పందం రద్దు.

ఇది చెప్తే మా మామ తల తడుముకుని నవ్వినాడు. "ఎవరికీ తల పగల్లేదా?" అన్నాడు. లేదు మామా. "మరి పని అయిందా?" అయింది. కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది. 2020లో ఆ డోర్ట్‌ముండ్ క్లబ్‌తోనే భాగస్వామ్య ఒప్పందం కూడా చేసుకున్నారు. 2022 మార్చి 20, గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ మీద 1–1, పెనాల్టీల్లో 3–1. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినాడు. ఆ రాత్రి నేను ఆదోని బస్టాండ్లో టీ కొట్టు కాడ నిలబడి ఫోన్లో చూసినా, చుట్టూ ఎవరికీ ఏమీ తెలియదు, నేనొక్కణ్ణే ఎగిరినా. తర్వాతి ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న 2023–24 సీజన్‌లోనే అంతా కూలిపోయింది. జీతాలు అందలేదని వార్తలు. కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయినారు. కోచ్ వెళ్ళిపోయినాడు. మిగిలింది కుర్రాళ్ళు. 22 మ్యాచ్‌లు, ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. ఆ పిల్లోళ్ళు మాత్రం ప్రతి వారం వచ్చి ఆడినారు. వాళ్ళకు దండం పెట్టాల. 2025లో ఇంకో యాజమాన్యం కింద క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. పేరు కూడా మారిపోయింది. గచ్చిబౌలి స్టేడియం అక్కడే ఉంది, జట్టు లేదు.

అభిమానుల్ని ఎవరైనా అడిగినారా? అడగరు. కాగితం మీద వాళ్ళది ఏమీ లేదు కదా. హైదరాబాద్‌కి ఇది చిన్న విషయం కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేండ్లు రోవర్స్ కప్ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఊరు అది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962లో ఆసియా క్రీడల బంగారానికి నడిపిన రహీం సాబ్ ఊరు అది.

ఇక జర్మనీ జాతీయ జట్టు. అదే సీజన్ మొదట్లో, 2023 సెప్టెంబర్‌లో, సొంతగడ్డ మీద జపాన్ చేతిలో 1–4. మర్నాడే కోచ్ హాన్సీ ఫ్లిక్‌ని తీసేసినారు. జర్మనీ చరిత్రలో జాతీయ కోచ్‌ని అట్ల తీసేయడం మొదటిసారి. నాగెల్స్‌మన్ వచ్చినాడు. నవంబర్‌లో తుర్కియే మీద ఓటమి, ఆస్ట్రియా మీద ఓటమి. ఏడు నెలల్లో యూరో వాళ్ళ దేశంలోనే. పరువు పోతాది అనుకున్నారు. టోనీ క్రూస్ రిటైర్మెంట్ పక్కన పెట్టి తిరిగొచ్చినాడు. మార్చిలో ఫ్రాన్స్ మీద వాళ్ళ గడ్డ మీద 2–0, వర్ట్జ్ ఏడో సెకండులోనే గోల్. జూన్‌లో స్కాట్లాండ్ మీద 5–1తో యూరో మొదలు.

జులై 5, స్టుట్‌గార్ట్, స్పెయిన్‌తో క్వార్టర్ ఫైనల్. 89వ నిమిషంలో వర్ట్జ్ సమం చేసినాడు. 119వ నిమిషంలో మెరినో తలతో గోల్. అయిపోయింది. క్రూస్‌కి అదే ఆఖరి మ్యాచ్. స్టేడియం మొత్తం నిలబడి చప్పట్లు కొట్టింది. సెప్టెంబర్‌లో సొంత జనం ఈలలేసిన జట్టు, జులైలో ఓడిపోయినా చప్పట్లు కొట్టించుకుంది. కప్పు రాలేదు, కానీ జనం మళ్ళీ "మా జట్టు" అన్నారు.

మ్యాచ్ అయినాక మామ అన్న మాట చెప్పి ముగిస్తా. "అల్లుడూ, మన స్వామికి ఓనర్ ఉన్నాడా? లేడు. అందుకే ఇన్ని ఊర్లు మాది మాది అంటాయి. ఎవడో కొనుక్కుని ఎత్తుకుపోయేది కాదు అది." నేను అన్నా, "నిజమే మామా. కానీ మాది అని చెప్పేదానికి తల పగలాల్నా?" ఆయన జవాబు చెప్పలేదు.

2024 దసరాకి నన్ను మొదటిసారి రమ్మన్నారు. మా ఇంట్లో ఆ వయసుకి కర్ర చేతికిస్తారు. అమ్మ ఏడ్చింది. నేను పోయినా. పోకుండా ఉండలేను, అది నాది కూడా. కానీ కర్ర వద్దన్నా. "దివిటీ పడతా" అన్నా. అందరూ మామ ముఖం చూసినారు. ఆయన తన చేతిలోని దివిటీ నాకిచ్చి, "పట్టుకో, ఆరిపోనీకు" అన్నాడు. తెల్లారేదాకా పట్టుకున్నా. చెయ్యి నొప్పి వారం ఉండె.

మీ ఊర్లో ఏదైనా జట్టు ఉంటే, స్కూల్ గ్రౌండ్‌లో పిల్లోళ్ళ జట్టైనా సరే, ఒక ఆదివారం పోయి చూడండి. బంతి పాతదైపోతే నలుగురు కలిసి కొనివ్వండి. 50 ప్లస్ 1 అక్కడినుంచే మొదలైతాది. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో రహీం సాబ్ గురించి పూర్తిగా మాట్లాడుకుందాం.