ఉల్లి కోసిన కన్నీరేల?



తల్లి చేయని మేలు ఉల్లి చేయునని మనలో నొక లోకోక్తి కలదు. అయితే ఆ మేలు చేయుటకు ముందు అది మనచేత కంట తడి పెట్టించును. ఆ కన్నీటికి కారణమేమో, దాని నెట్లు తప్పించుకొనవచ్చునో నేడు మనవి చేసెదను. ఈ విషయమున నాకొక పాత ఋణము కూడ కలదు.

నేను తెలుగు పండితుడనుగా నుండిన దినములలో, 1990 ప్రాంతమున, తరగతిలో నొక బాలుడు లేచి, “మాస్టారూ! ఉల్లిపాయ కోస్తే కళ్లవెంట నీళ్లెందుకు వస్తాయండీ?” అని యడిగెను. ఘాటువలన వచ్చునని చెప్పితిని. “మరి వెల్లుల్లికి ఇంకా ఘాటెక్కువ కదండీ! దాన్ని కోస్తే రావేమండీ?” అనెను. తరగతి యంతయు నవ్వినది. నాకు ఉత్తరము తోచలేదు. అధికప్రసంగము మాని కూర్చుండుమని గద్దించితిని. ఆ సంవత్సరము వాడు మరల నన్నేమియు నడుగలేదు.

నేను కొంత తర్కము చదివినవాడను. ఘాటే కారణమైనచో ఘాటున్న ప్రతిచోట కన్నీరు రావలెను. వెల్లుల్లియందు ఆ హేతువు తప్పినది; తార్కికులు దీనినే అనైకాంతిక మందురు. ఆ పసివాడు శాస్త్రము చదువకయే నా హేతువును ఖండించెను. పైగా మా పెద్దల కాలమున మా యింట ఉల్లి వాడుక లేదు. నేనంతవరకు ఒక్క ఉల్లినైన కోసి యెరుగను.

కారణ మిది. ఉల్లి భూమినుండి గంధకమును గ్రహించి, దానితో నేర్పడిన కొన్ని పదార్థములను తన కణములయందు దాచుకొనును. వానిని మార్పగల యెల్లినేజు అను ఎంజైము అదే కణములో వేరొక తిత్తియందు విడిగా నుండును. కావుననే కోయని ఉల్లి యెవరిని నేడిపింపదు. కత్తి పడినంతనే కణములు చితికి, తిత్తులు పగిలి, రెండును కలిసిపోవును. అందుండి నిలుకడలేని యొక ఆమ్లము పుట్టును. రెండవ ఎంజైమొకటి దానిని గాలిలో తేలిపోవు ద్రవ్యముగా మార్చును. దీనికి రసాయనజ్ఞులు ప్రొపేన్‌థయాల్ ఎస్-ఆక్సైడు అని పేరిడిరి. అది కనుగ్రుడ్డు పైపొర నంటగానే అచ్చటి నరములు మెదడునకు వార్త నందించును. వెంటనే అశ్రుగ్రంథులు నీటిని విడుచును. కన్నీరు కంటికి కలిగిన కీడు కాదు, ఆ కీడును కడిగివేయు నీరు.

ఈ రెండవ ఎంజైమును జపాను శాస్త్రజ్ఞులు 2002లో కనుగొనిరి. అంతవరకు మొదటిదొక్కటే చాలునని పండితులు తలచియుండిరి. వెల్లుల్లియందు మొదటిది కలదు గాని రెండవది లేదు. బాలుని ప్రశ్నకు ఉత్తరము ఇదియే! 1990లో నేను ‘తెలియదు’ అని యుండినచో, అది లోకమంతటి పక్షమున చెప్పిన సత్యమై యుండెడిది.

ఇక నివారణోపాయములు. రెండేండ్ల క్రిందట నా భార్య కంటికి శుక్లముల శస్త్రచికిత్స జరిగినది. కన్ను నలపరాదని వైద్యులు చెప్పిరి. వంటయిల్లు నా పాల బడినది. మొదటి దినమున కత్తిపీట ముందు కూర్చుండి నాలుగు ఉల్లిపాయలు తరుగునప్పటికి నాకు గోడ కనబడలేదు. పిదప నేర్చుకొంటిని.

మొదటిది పదును. మొద్దుకత్తి కణములను కోయదు, నలుపును. మొద్దుకత్తికి ఉల్లిరసము తుంపరలుగా హెచ్చుగ చిమ్మునని, పదునైన కత్తితో మెల్లగా కోసిన తగ్గునని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2025లో ప్రకటించిరి. తొందరపడి టకటక తరుగుట మంచిది కాదు.

రెండవది చల్లదనము. కోయుటకు అరగంట ముందు ఉల్లిని ఫ్రిజ్జులో నుంచినచో ఎంజైముల పని మందగించును. ఆవిరియు తక్కువగ లేచును.

మూడవది నీరు. పొట్టు దీసి, రెండు చెక్కలు చేసి, కొంతసేపు నీట నుంచి తరుగవలెను. అయితే కారముకూడ కొంత నీటిలో పోవును. పెరుగుపచ్చడికి ఇది మేలు. పులుసునకు అంత మంచిది కాదు.

నాలుగవది కూర్చుండు తీరు. కత్తిపీటపై వంగినచో ముఖము సరిగా ఉల్లిమీదనే యుండును. గాలి ప్రక్కనుండి వీచి ఆవిరిని కొనిపోవునట్లు కూర్చుండుడు. ఉల్లి యంటిన చేతితో కన్ను తుడుచుకొనకుడు.

ఉడికిన ఉల్లి యేడిపింపదు. వేడికి ఎంజైములు నశించును.

ఆ బాలుడు నేడు నలువదియైదేండ్లు దాటి ఎచ్చటనో యుండును. ఈ మాటలు వాని చెవిని బడినచో వినుగాక: నాయనా! నీ ప్రశ్న సరియైనది. నా గద్దింపు సరికాదు. ఉత్తరము ఆలస్యమైనది, మన్నింపుము.