సంచి మీద పేరు ఎవరిది?

(అహోబిలంలో జరిగిన రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఖాళీ సంచిని ఒకసారి చూడండి. పప్పుశనగ విత్తనం వచ్చిన సంచి ఇది. పైన పెద్ద అక్షరాలతో రకం పేరుంది. దాని కింద "వ్యవసాయ విశ్వవిద్యాలయ రకం" అని ఉంది. అమ్మిన కంపెనీ పేరు కావాలంటే మాత్రం సంచిని తిప్పి, అద్దాలు పెట్టుకొని, కింది అంచున వెతకాలి. మా ఊళ్లో ఐదారుగురం ఈ సంచులే కొన్నాం. మొలక బాగానే వచ్చింది. పూత దశకు వచ్చేసరికి ఒకే చేలో రెండు మూడు రకాల మొక్కలు తేలాయి. ఒకటి ఎండి కోతకు వస్తే ఇంకొకటి పచ్చిగానే నిలబడింది. దుకాణంలో అడిగితే, "రకం యూనివర్సిటీది, మేమేం చేస్తాం" అన్నారు. రకాన్ని పుట్టించినవాళ్లు వేరు, విత్తనం పండించినవాళ్లు వేరు, సంచి కుట్టినవాళ్లు వేరు. పోయింది మాత్రం మన పంట.

మేము ఆ సంచి ఎందుకు కొన్నాం? కంపెనీని చూసి కాదు, విశ్వవిద్యాలయం పేరు చూసి. అంటే అక్కడ అమ్ముడుపోయింది ఆ పేరు. ఈ రోజు మనం మాట్లాడుకోవాల్సింది ఆ పేరు గురించే.

మనకు ఆ పేరు మీద నమ్మకం ఊరికే రాలేదు. నంద్యాల పరిశోధనా కేంద్రం 1906లో మొదలైంది. మన తాతల కాలం నుంచి అక్కడి విత్తనమే మన చేలకు వచ్చింది. పత్తిలో వచ్చిన రకానికి నరసింహ అని పేరు పెట్టారు. మనం ఇప్పుడు కూర్చున్న ఈ కొండల్లో నిత్యం వినిపించే పేరే అది. కొర్రలో వచ్చిన రకం సూర్యనంది. అదీ మన నవనందుల్లో ఒకటే. పప్పుశనగలో ఎన్‌బీఈజీ 47, అదే ధీర, నిటారుగా పెరిగి మిషన్ కోతకు వీలుగా ఉంటుంది. వరి సంగతి చెప్పనే అక్కర్లేదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబ మసూరి, మన కేసీ కాలువ కింద పండి కర్నూలు సోనా అయింది. హైదరాబాదులో బియ్యం కొట్టుకు పోయినా ఆ పేరుకే గిరాకీ. ఈ రకాల వెనక ప్రజల పన్నుల డబ్బుంది, శాస్త్రవేత్తల శ్రమ ఉంది. ఏళ్ల తరబడి చేలో వేసి చూసి మంచిదని నోటి మాటగా చాటిన రైతులున్నారు. అందుకే ఈ పేరు మీద మనకూ హక్కుంది.

మిత్రులారా, సంచి మీద కనిపించే పేర్లు మూడు రకాలు. ఒకటి రకం పేరు. రెండోది కంపెనీ బ్రాండు, అంటే ట్రేడ్‌మార్కు. మూడోది విశ్వవిద్యాలయం పేరు, దాని ముద్ర. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. ఆ చట్టం కింద నమోదైన రకం పేరును ఎవరూ ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేసుకోవడానికి వీల్లేదు. రకం మీద హక్కు కూడా కలకాలం ఉండేది కాదు. మన పొలం పంటలకు 15 ఏళ్లు, చెట్లకు 18 ఏళ్లు. ట్రేడ్‌మార్కు అలా కాదు. పదేళ్లకోసారి ఫీజు కట్టి పొడిగించుకుంటూ పోతే దానికి అంతే లేదు. అందుకే తెలివైన వ్యాపారి విత్తనం కంటే పేరు మీద ఎక్కువ కన్నేస్తాడు.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఒక ఆపిల్ రకాన్ని తయారుచేసింది. రకం పేరు డబ్ల్యూఏ 38. 2019 డిసెంబరులో అది మార్కెట్లోకి వచ్చింది, కానీ ఆ పేరుతో కాదు. కాస్మిక్ క్రిస్ప్ అనే ట్రేడ్‌మార్కుతో వచ్చింది. మొదటి పదేళ్లు ఆ దేశంలో వాషింగ్టన్ రాష్ట్ర రైతులే దాన్ని పండించాలని షరతు పెట్టారు. స్థానిక రైతుకు అది మేలే. కానీ అదే రైతు మొక్కకింత అని, పెట్టె ధరలో ఇంత శాతం అని రాయల్టీ కట్టాలి. రేపు పేటెంటు గడువు తీరాక ఆ చెట్టును ఎవరైనా నాటుకోవచ్చు. కాయను కాస్మిక్ క్రిస్ప్ అని అమ్మాలంటే మాత్రం అప్పుడు కూడా అనుమతి తీసుకోవాల్సిందే. చెట్టు స్వేచ్ఛగా ఉంటుంది, పేరు తాళం వేసి ఉంటుంది.

అదే దేశంలో ఇంకో ముచ్చట కూడా జరిగింది. అక్కడి విశ్వవిద్యాలయాలు తమ పేరు, ముద్ర వేసిన చొక్కాలు, టోపీలు అమ్ముకోవడానికి కంపెనీలకు లైసెన్సులిస్తాయి. ఆ చొక్కాలు కుట్టేది పేద దేశాల ఆడకూతుళ్లు. "మా కాలేజీ పేరున్న చొక్కా కుట్టిన మనిషికి కూలి సరిగా ఇస్తున్నారా?" అని 1990ల చివర్లో విద్యార్థులు నిలదీశారు. లైసెన్సు కాగితంలోనే కార్మికుల హక్కుల షరతులు రాయించారు. 2009లో హోండురాస్‌లో రస్సెల్ కంపెనీ ఒక ఫ్యాక్టరీని మూసేసింది. కార్మికులు సంఘం పెట్టుకున్నందుకే మూశారని విచారణలో తేలింది. దాదాపు వంద విశ్వవిద్యాలయాలు ఆ కంపెనీకిచ్చిన లైసెన్సులు తెంచుకున్నాయి. ఆ ఏడాది నవంబరులోనే కంపెనీ దిగివచ్చి, ఫ్యాక్టరీ తెరిచి, దాదాపు 1,200 మందికి మళ్లీ పని ఇస్తామని ఒప్పుకుంది. పేరు వాడుకోవడానికి ఇచ్చే అనుమతి కాగితానికి ఎంత బలముందో చూశారా?

మన దగ్గర ఆ బలం కంపెనీల చేతిలో ఉన్నప్పుడు ఏమైందో మనకు బాగా తెలుసు. నరసింహ పత్తి వేసిన రోజుల్లో విత్తనం దాచుకున్నాం, పక్కింటికి ఇచ్చుకున్నాం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బోల్‌గార్డ్ అనేది కూడా ట్రేడ్‌మార్కే. అది వాడుకోవడానికి మన దేశ విత్తన కంపెనీలు మోన్‌శాంటో వాళ్ల సంస్థ దగ్గర లైసెన్సులు తీసుకున్నాయి. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు టెక్నాలజీ రుసుమే. రైతు సంఘాలు గొడవ చేశాయి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద రాష్ట్రం చట్టమే చేసింది. పోరాడితే లైసెన్సు రుసుం కూడా దిగుతుందని మనం చూశాం.

ఇప్పుడు చట్టంలో మన హక్కేమిటో చూద్దాం. 2001 చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకే ఒక్క నిషేధం ఉంది. నమోదైన రకం విత్తనాన్ని సంచిలో పోసి, ఆ రకం పేరుతో లేబులు వేసి అమ్మకూడదు. అంటే గింజ మీద మనకు హక్కుంది, సంచి మీది పేరు దగ్గరే మనల్ని ఆపారు. కాబట్టి పక్క ఊరి రైతుకు విత్తనమిచ్చేటప్పుడు లేబులు లేకుండా ఇవ్వండి. భయపడాల్సిన పని లేదు.

భయపెట్టేవాళ్లు ఉంటారు. 2019లో గుజరాత్‌లో పెప్సీ కంపెనీ తన ఎఫ్ఎల్ 2027 రకం ఆలుగడ్డ పండించారని రైతుల మీద కేసులు వేసింది. నలుగురిలో ఒక్కొక్కరి దగ్గర కోటి రూపాయలకు పైగా అడిగింది. దేశమంతా రైతు సంఘాలు లేచేసరికి మే నెలలో వెనక్కి తీసుకుంది. 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషనే రద్దయింది. కానీ 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం మళ్లీ కంపెనీ వైపే తీర్పిచ్చింది. ఒకసారి గెలిచామని నిద్రపోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పేరును కాపాడే ఇంకో దారి మన జిల్లాలోనే ఉంది. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఒక కంపెనీ సొత్తు కాదు, ఆ నేలలో పండించే రైతులందరిదీ. మరి కర్నూలు సోనా పేరు ఎవరిది? ఎక్కడో పండిన బియ్యాన్ని ఆ పేరుతో సంచికెత్తినా అడిగే నాథుడు లేడు. ఆ పేరు వల్ల వచ్చే అదనపు ధర కేసీ కాలువ రైతు గడప తొక్కడం లేదు.

కాబట్టి మిత్రులారా, విశ్వవిద్యాలయం తన పేరును ఎవరికీ ఇవ్వవద్దని మనం అనడం లేదు. విత్తనం ఊరూరికీ చేరాలంటే పండించి అమ్మేవాళ్లు కావాలి. ఎవరికి ఇస్తున్నారు, ఏ షరతు మీద ఇస్తున్నారు అనేదే మన ప్రశ్న. ఆచార్య ఎన్.జి. రంగా అనే రైతు నాయకుడి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అది. ఆ పేరు రైతుకే ఎదురు తిరగకూడదు. మన కోర్కెలు ఇవి:

ఒకటి, ప్రజల డబ్బుతో పుట్టిన రకాన్ని ఏ ఒక్క కంపెనీకీ గుత్తకు ఇవ్వకూడదు.

రెండు, విశ్వవిద్యాలయం పేరు, ముద్ర సంచి మీద వేయాలంటే రాతపూర్వక లైసెన్సు ఉండాలి. లైసెన్సు పొందినవారి జాబితా ప్రతి రైతు సేవా కేంద్రంలో, తెలుగులో, విత్తనాల సీజనుకు ముందే అంటించాలి. జాబితాలో లేనివాడు ఆ పేరు వాడితే కేసు పెట్టాలి.

మూడు, లైసెన్సులోనే గరిష్ఠ ధర, జన్యు స్వచ్ఛత పరీక్ష, పంట పోతే గడువులోగా పరిహారం రాయాలి. తప్పు చేస్తే లైసెన్సు రద్దు కావాలి.

నాలుగు, విత్తన చేలల్లో పనిచేసే కూలీల సంగతి కూడా అందులో ఉండాలి. మన జిల్లాలో పత్తి క్రాసింగ్ పనికి పోయే ఆడవాళ్లకు న్యాయమైన కూలి ఇవ్వాలి, ఆ చేలల్లో బడి పిల్లలు కనిపించకూడదు. హోండురాస్ కార్మికులకు సాధ్యమైంది మనకెందుకు సాధ్యం కాదు?

ఐదు, రైతుల సహకార సంఘాలకు, ఉత్పత్తిదారుల సంఘాలకు ఈ లైసెన్సు ఉచితంగా ఇవ్వాలి. కంపెనీల నుంచి వచ్చే రుసుం ఆ రకాన్ని పుట్టించిన పరిశోధనా కేంద్రానికే చేరాలి.

కోర్కెలు నెరవేరేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. విత్తనం కొన్న ప్రతిసారీ బిల్లు అడగండి. బిల్లు మీద రకం, లాట్ నంబరు రాయించండి. సంచికున్న ట్యాగు రంగు చూడండి. నీలి ట్యాగు ధ్రువీకరణ విత్తనానికి వేస్తారు. ఆకుపచ్చ లేబులుకు కంపెనీ మాటే హామీ. ఖాళీ సంచిని, ట్యాగును, గుప్పెడు విత్తనాన్ని పంట ఇంటికొచ్చేదాకా దాచండి. కౌలు రైతులు బిల్లు తమ పేరుతోనే తీసుకోవాలి. విత్తనం మోసం చేస్తే రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులో కొట్లాడింది మన ఆంధ్రప్రదేశ్ రైతులే. ఎదుటి పక్షం నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అంతటి పెద్ద సంస్థ.

మా ఊళ్లో ఆ ఐదారుగురం ఈ సంచినైతే దాచాం కానీ ఒక్కరి దగ్గరా బిల్లు లేదు. అందుకే మా నోరు పెగల్లేదు. ఈ సంచిని ఇవాళ ఇక్కడికి తెచ్చింది ఆ సంగతి చెప్పడానికే. మీ ఊళ్లో ఇలాంటి సంచులు ఉంటే పారేయకండి. బిల్లుతో సహా సంఘం ఆఫీసుకు తెచ్చివ్వండి. వాటినన్నిటినీ పట్టుకొని మనమంతా కలిసి అడుగుదాం: ఈ పేరు ఎవరిది, దీనికి జవాబుదారీ ఎవరని.